అడవుల శీతకషాయం

ఔషధ ద్రవ్యాల నుండి సారం తీసే పద్ధతులు అయిదని మన ఆయుర్వేదం చెబుతున్నది. స్వరసం, కల్కం, క్వాథం, శీతం, ఫాంటం అని వాటి పేర్లు. వీటిలో శీతకషాయానికి పొయ్యితో పనిలేదు. దంచిన మూలికలను చన్నీటిలో రాత్రంతా నానబెట్టి, తెల్లవారిన తరువాత గుడ్డతో వడగడితే చాలు. భూగోళపు ఉత్తర భాగంలో స్వీడన్, ఫిన్లాండు, రష్యా, కెనడా దేశాల మీదుగా పరచుకొని ఉన్న శృంగాకారపు అడవుల కింద ప్రకృతి ఈ పద్ధతినే అవలంబిస్తున్నది. అక్కడ మూలికలు పైన్, స్ప్రూస్ చెట్ల సూదుల వంటి ఆకులు, నాచు, చచ్చిన వేళ్ళు. నీరు కరిగిన మంచుది, వానది. వడగట్టే గుడ్డ ఆ నేలయే. ఈ నెల మన శీర్షికకు ఆ కషాయమే విషయం.

ఉత్తర స్వీడన్ అడవి వాగులోని నీటిని గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు ఎదురుగా చూస్తే పలుచని టీ డికాషన్ రంగు కనబడుతుంది. అది బురద కాదు, ఎంతసేపు ఉంచినా అడుగుకు దిగదు. మిల్లీమీటరులో రెండువేల వంతుకన్న సన్నని రంధ్రాలు గల వడపోత కాగితం గుండా పంపినా ఆ రంగు కాగితాన్ని దాటి పోతుంది. అట్లా దాటిపోయిన సేంద్రియ పదార్థంలోని కర్బనాన్నే శాస్త్రజ్ఞులు ‘కరిగిన సేంద్రియ కర్బనం’ అంటున్నారు. నిజానికి ఇది ఒక పదార్థం పేరు కాదు, వడపోతలో నెగ్గినవాటికన్నిటికీ కలిపి పెట్టిన ఉమ్మడి పేరు. అందులో చిన్న చిన్న చక్కెరలు, ఆమ్లాలు మొదలుకొని, వేలాది రకాల పెద్ద అణువుల వరకు ఉంటాయి. టీ రంగు ఆ పెద్ద అణువులది.

ఈ రంగు నీటి మీద ఆసక్తి నిన్న మొన్నటిది కాదు. స్వీడన్‌కు చెందిన సుప్రసిద్ధ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ 1830ల దశకంలో పోర్లా అనే ఊట నీటిని పరీక్షించి, దానిలో రెండు సేంద్రియ ఆమ్లాలను గుర్తించాడు. ఊటకు గ్రీకు భాషలో గల మాటను తీసుకొని వాటికి పేర్లు పెట్టాడు. తెలుగులో చెప్పాలంటే ‘ఊటామ్లం’ అనవచ్చును. నేల లోపల తయారైన సరుకు ఊటలో బయటపడుతున్నదని ఆ పేరులోనే ఉన్నది. అయితే పైన బయలుదేరిన సరుకే ఊటకు చేరుతున్నదా, దారిలో మారిపోతున్నదా అన్న ప్రశ్న తేలడానికి ఇంచుమించు రెండు శతాబ్దాలు పట్టింది.

ఆ దారిని ఒకసారి పైనుండి కిందికి చూద్దాము. టైగా అడవిలో గుంట తవ్వితే నేల పొరలు పొరలుగా, రంగు రంగులుగా కనిపిస్తుంది. అన్నిటికన్న పైన కొన్ని సెంటీమీటర్ల మందాన నల్లని మెత్తని పరుపు ఉంటుంది. చలి వలన, ఆమ్లత వలన అక్కడ ఆకులు త్వరగా కుళ్ళవు. మన ఊళ్ళలో పెంటకుప్ప ఒక్క వానాకాలం దాటేసరికి ఎరువు కావడం చూచినవారికి, అక్కడి సూదులు ఏళ్ళ తరబడి రూపు చెడకుండా పడి ఉంటాయంటే వింతగానే తోస్తుంది. ఆ పరుపు కింద బూడిద వంటి తెల్లని పొర. దాని కింద తుప్పు రంగు పొర. ఈ నేలకు ‘పోడ్జోల్’ అని పేరు. రష్యన్ భాషలో ‘కింద బూడిద’ అని అర్థం. నేలల శాస్త్రానికి ఆద్యుడైన డొకుచాయెవ్ రష్యా రైతుల నోటినుండి ఆ మాటను శాస్త్రంలోకి తెచ్చాడు.

బూడిద రంగుకు నిప్పుతో సంబంధం లేదు. పై పరుపులో ఊరిన కషాయం ఆమ్లగుణం కలది. కిందికి దిగుతూ అది ఇనుమును, అల్యూమినియాన్ని పట్టుకొని తనతో తీసుకుపోతుంది. ఇనుము పోయిన ఇసుక వెలవెలబోయి తెల్లగా మిగులుతుంది. ఇంకా దిగేకొద్దీ కషాయానికి లోహాల బరువు ఎక్కువవుతుంది. చివరకు ఆ లోహాలూ కర్బనమూ కలిసి ఖనిజాల రేణువుల మీద అంటుకొని నిలిచిపోతాయి. తుప్పురంగు పొర అట్లా ఏర్పడినదే. హిమయుగపు మంచు వెనుదిరిగిన తరువాత గడచిన పదివేల ఏళ్ళలో జరిగిన పని ఇది.

లెక్కలు చూస్తే ఈ వడపోత ఎంత గట్టిదో తెలుస్తుంది. పై పరుపు కింద సేకరించిన నీటిలో కరిగిన కర్బనం లీటరుకు పదుల మిల్లీగ్రాములు. తుప్పురంగు పొర దాటిన తరువాత అది చాలాచోట్ల కొద్ది మిల్లీగ్రాములకు పడిపోతుంది. హెక్టారు అడవిలో పై పరుపు నుండి ఏటా దిగే కర్బనం రమారమి నూరు కిలోల నుండి కొన్ని వందల కిలోల దాకా ఉంటుంది. వాగులోకి చేరేది చాలావరకు పదుల కిలోలే. మరి మిగిలినదంతా నేలలోనే దాగి ఉన్నదా?

చాలాకాలం అట్లానే అనుకున్నారు. నేల ఒక వడపోత, వచ్చినది ఆగుతుంది, ఆగనిది పోతుంది అని. ఈ చిత్రం సరిపోదని రేడియో కర్బనంతో చేసిన వయోనిర్ణయాలు చూపించాయి. కింది పొరల నుండి బయటికి వస్తున్న కర్బనం, పైనుండి ఇటీవల దిగినది కాదు. దానికన్న ఎంతో పాతది. కైజర్, కాల్‌బిట్జ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 2012లో దీనికి ఒక సమన్వయం చెప్పారు. పైనుండి వచ్చిన అణువు ఖనిజపు రేణువుమీద చోటు సంపాదించుకున్నప్పుడు అక్కడ ఇంతకుముందున్న అణువు కదలిపోతుంది. అది కొంత సూక్ష్మజీవుల పాలై, రూపు మారి, ఇంకొంత దిగి, అక్కడ ఇంకొక దానిని కదిలిస్తుంది. మన సంస్థలో బదిలీల సంగతి ఎరిగినవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కొత్తవారు వచ్చి చేరితేనే గాని పాతవారు కదలరు, వారు చేరేచోట మరొకరికి ఉత్తర్వులు సిద్ధంగా ఉంటాయి! ఈ వరుసలో ఒక అణువు నేల పైభాగం నుండి అడుగు వరకు చేరడానికి శతాబ్దాలు కూడా పట్టవచ్చును. చేరినది మాత్రం మొదట బయలుదేరిన రూపంలో ఉండదు.

ఇంతకూ పై పరుపులో కషాయం దేనినుండి ఊరుతున్నది? రాలిన ఆకుల నుండి అని మనకు వెంటనే తోస్తుంది. స్వీడన్ అడవులలో గుర్తుపెట్టిన ఆకులను పరచి చూస్తే, తాజా ఆకులలోని కర్బనం చాలావరకు ఆ పరుపులోనే ఆగిపోయిందనీ, కిందికి దిగుతున్నది ముఖ్యంగా పరుపు అడుగున బాగా కుళ్ళిన పాత భాగం నుండేననీ తేలింది. దీనితోపాటు బ్రతికున్న వేళ్ళ పాత్రను కూడ తీసిపారేయరాదు. ఈ సందర్భంలో చెప్పుకోదగిన ప్రయోగం ఒకటి ఉన్నది. పీటర్ హోగ్‌బర్గ్ బృందం ఉత్తర స్వీడన్‌లోని ఒక పైన్ అడవిలో చెట్ల మొదళ్ళ చుట్టూ బెరడును పట్టీలాగా వలిచివేసింది. ఆకులలో తయారైన చక్కెర వేళ్ళకు చేరేది బెరడు గుండానే. లోపలి కర్ర గుండా నీరు పైకి ఎక్కుతూనే ఉంటుంది కనుక చెట్టు వెంటనే ఎండిపోదు, వేళ్ళకు మాత్రం భోజనం నిలిచిపోతుంది. అయిదు రోజులలోనే నేల విడిచే బొగ్గుపులుసు వాయువు 37 శాతం వరకు తగ్గిపోయింది. ఒకటి రెండు నెలలలో తగ్గుదల 54 శాతానికి చేరింది. 2001లో వెలువడిన ఈ ఫలితం నేల గురించిన ఆలోచననే మార్చివేసింది. నేల ఊపిరిలో సగానికి పైగా పాత ఆకుల కుళ్ళు వలన కాక, కొద్దిరోజుల క్రితం ఎండలో తయారైన చక్కెర వలన నడుస్తున్నదన్నమాట. ఆ చక్కెరను వేళ్ళ చుట్టూ అల్లుకున్న శిలీంధ్రాలు పంచుకుంటాయి. అవి విడిచే ద్రవాలలో కొంత కషాయంలో కలుస్తుంది.

ఇక నేలనుండి వాగుకు పోదాము. ఉత్తర స్వీడన్‌లో ఉమెయో నగరానికి వాయవ్యంగా, విండెల్న్ అనే ఊరి దగ్గర క్రిక్లన్ అనే చిన్న పరీవాహక ప్రాంతం ఉన్నది. వైశాల్యం 68 చదరపు కిలోమీటర్లు. దానిలోని స్వార్ట్‌బెర్గెట్ అనే చోట 1980 ప్రాంతం నుండి నీటిని, నేలను ఎడతెగకుండా కొలుస్తున్నారు. అక్కడ కురిసే వానా మంచూ కలిపితే ఏటికి సుమారు 600 మిల్లీమీటర్లు. అంటే మన అనంతపురం కన్న కాస్త ఎక్కువ, అంతే. కాని ఆ చలిలో ఆవిరయ్యేది తక్కువ గనుక రమారమి సగం వాగుల పాలవుతుంది. ఆ సగంలో మళ్ళీ ఇంచుమించు సగం వసంతకాలపు కొన్ని వారాలలో, మంచు కరిగేటప్పుడు ఒక్కపెట్టున పారుతుంది.

ఆ కొన్ని వారాలే ఈ కథలో అసలు ఘట్టం. మంచు నీరు స్వచ్ఛమైనది, అది కలిస్తే వాగు రంగు పలుచబడాలి. కాని అడవి వాగులలో అందుకు విరుద్ధంగా వరద వచ్చినప్పుడు కర్బనం పెరుగుతున్నది. ఆక్సిజన్ ఐసోటోపులతో నీటి పుట్టుకను గుర్తించే పద్ధతిని స్వీడన్‌లో ప్రయోగించి చూచినప్పుడు, వరదలోని నీటిలో సగానికి పైగా అప్పుడు కరిగిన మంచుది కాదనీ, అంతకుముందే నేలలో నిలువ ఉన్నదనీ తేలింది. కొత్త నీరు నేలలోకి దిగి భూగర్భజలాన్ని పైకి లేపుతుంది. పాత నీరు వాగులోకి తోసుకుపోతుంది.

అది పోయే దారి చివర, వాగు ఒడ్డున కొద్ది మీటర్ల వెడల్పున ఒక పట్టీ ఉంటుంది. ఎప్పుడూ తడిగా ఉండడం వలన అక్కడ ఆకులు కుళ్ళక, శతాబ్దాలుగా పేరుకొని, పీట్ అనబడే నల్లని మట్టిగా మారి ఉంటాయి. గట్టుమీది పోడ్జోల్ నుండి కర్బనం వడకట్టబడి తేరుకున్న నీరు వచ్చి, చిట్టచివర ఈ పట్టీలో మళ్ళీ కషాయమై వాగులోకి దిగుతున్నది. మామూలు రోజులలో నీటిమట్టం లోతున ఉంటుంది, పారేది తక్కువ. వరద రోజులలో మట్టం పైకి లేచి, కర్బనం అత్యధికంగా ఉన్న పై పొరల గుండా, నీరు సులభంగా జారిపోయే పొరల గుండా పారుతుంది. అందువలన నీరూ కర్బనమూ రెండూ ఒకేసారి పెరుగుతాయి. అడవి అంతా హెక్టార్ల లెక్కన ఎంత ఉన్నా, వాగు రంగును నిర్ణయిస్తున్నది ఆ ఒడ్డునున్న సన్నని పట్టీ. మా దృష్టిలో ఈ విషయం మొత్తంలో అన్నిటికన్న గమనించదగినది ఇదే. చిత్తడి నేలల నుండి వచ్చే వాగులలో మాత్రం దీనికి తలకిందులుగా జరుగుతుంది. అక్కడ వసంతంలో గడ్డకట్టిన పీట్ పైభాగం మీదుగా మంచునీరు జారిపోయి వాగును పలుచబరుస్తుంది. ఒకే గాలి, ఒకే మంచు, పక్క పక్క వాగులు, వ్యతిరేక ఫలితాలు!

ఈ వాగుల లెక్క కొద్దిమంది నిపుణుల వినోదం కోసం కాదు. ఉత్తరాది అడవులు, పీట్ నేలలు గాలిలోని కర్బనాన్ని పీల్చుకొని దాచుతున్నాయని ప్రపంచం ధీమాగా ఉన్నది. ఆ పీల్చుడును ఎత్తయిన స్తంభాలమీద పరికరాలుంచి గాలిలో కొలుస్తారు. నీటితో పోయేది ఆ పరికరాలకు కనబడదు. విండెల్న్ సమీపంలోనే ఉన్న డెగెరో స్టోర్మీర్ అనే పీట్ మైదానంలో 2004, 2005 సంవత్సరాలలో అన్ని దారులనూ కలిపి కొలిచారు. గాలినుండి ఏటా చేరిన కర్బనంలో దాదాపు మూడవ వంతు వాగు గుండా వెళ్ళిపోతున్నట్లు లెక్క తేలింది. జమ పద్దును మాత్రమే చూచి ఖర్చు పద్దును చూడని ఖాతాను మన అకౌంట్స్ విభాగంవారు ఆమోదిస్తారా? భూగోళం మొత్తానికి 2007లో కోల్ మున్నగువారు వేసిన పట్టికలో, నేలనుండి నదులకు, సరస్సులకు చేరే కర్బనం ఏటా 190 కోట్ల టన్నులు. అందులో సముద్రానికి చేరేది 90 కోట్లు. కనీసం 80 కోట్లు దారిలోనే వాయువై గాలిలోకి తిరిగిపోతుంది. మిగిలినది అడుగు బురదలో చేరుతుంది.

ఇక రంగు ముదిరిన కథ. 1990 తరువాత ఉత్తర ఐరోపా, ఉత్తర అమెరికాలలో అనేక సరస్సుల నీరు ఏటికేడాది గోధుమరంగుకు తిరుగుతూ వచ్చింది. 2001లో బ్రిటన్‌లోని 22 చోట్ల లెక్కలు చూచిన ఫ్రీమన్ బృందం, పన్నెండేళ్ళలో కరిగిన కర్బనం 65 శాతం పెరిగిందని ప్రకటించి, భూమి వేడెక్కడమే కారణం కావచ్చునన్నది. కాని 2007లో మాంటీత్ మున్నగువారు 1990 నుండి 2004 వరకు 522 సరస్సుల, వాగుల రికార్డులను పరిశీలించి వేరొక కారణం చూపించారు. అది ఆమ్ల వర్షాలు తగ్గడం!

ఆమ్ల వర్షాల సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కర్మాగారాల పొగగొట్టాల నుండి వెలువడిన గంధకం దూరదేశాలలో ఆమ్లమై కురుస్తున్నదని స్వీడన్‌కు చెందిన నేలల శాస్త్రజ్ఞుడు స్వాంతే ఓదెన్ 1967లో ఒక దినపత్రికలో వ్రాసి సంచలనం కలిగించాడు. 1979లో దేశాల మధ్య ఒడంబడిక కుదిరింది. తరువాతి దశాబ్దాలలో గంధకం చాలావరకు తగ్గింది. నేల మీద దీని ప్రభావం అర్థం కావాలంటే వంటింటిలోకి వెళ్ళాలి. పాలలో నిమ్మరసం పిండితే విరుగుతాయి. అడవి కషాయంలోని పెద్ద అణువులు కూడ ఆమ్లం ఎక్కువైతే కరిగి ఉండలేక గడ్డకట్టుకుంటాయి. కొన్ని దశాబ్దాల పాటు ఆమ్ల వర్షం ఈ కర్బనాన్ని నేలలోనే విరిచి ఉంచింది. గాలి శుభ్రపడగానే అది మళ్ళీ కరగసాగింది. గాలి బాగుపడినందువలన నీరు నల్లబడిందన్నమాట. ఇది చెడ్డ వార్త అనవలెనో మంచి వార్త అనవలెనో వెంటనే చెప్పగలమా?

నీటి సరఫరా కేంద్రాలలో పనిచేసేవారికి మాత్రం ఇది తలనొప్పే. నార్వేలో తాగునీటిలో అత్యధిక భాగం సరస్సులనుండి, నదులనుండి తీసుకునేదే. రంగు నీటిని తేర్చడానికి పటిక వంటి లవణాలు ఎక్కువ వేయవలసి వస్తుంది, మడ్డి ఎక్కువ పడుతుంది. అంతకన్న ముఖ్యమైనది క్లోరిన్ సంగతి. రోటర్‌డామ్ నీటి సరఫరా సంస్థలో పనిచేసిన జోహానెస్ రూక్ 1974లో ఒక విషయం బయటపెట్టాడు. రంగు నీటిలోని సేంద్రియ పదార్థంతో క్లోరిన్ కలిసి క్లోరోఫారం వంటి పదార్థాలు ఏర్పడుతున్నాయి. ఇవి ఏళ్ళ తరబడి శరీరంలోకి పోవడం క్షేమం కాదు. మన దేశపు తాగునీటి ప్రమాణమైన ఐ.ఎస్. 10500 కూడ 2012 ప్రతిలో క్లోరోఫారానికి లీటరుకు 0.2 మిల్లీగ్రాముల పరిమితి పెట్టింది. ఆకులు కుళ్ళిన చెరువు నీటిని శుద్ధిచేసే ఏ టౌన్‌షిప్ నీటి కేంద్రానికైనా ఇదే రసాయన శాస్త్రం వర్తిస్తుంది. అందువలన క్లోరిన్ మానివేయాలని ఎవరైనా అంటే వినరాదు. కలరా, టైఫాయిడ్ అంతకన్న ఎంతో పెద్ద శత్రువులు. ముందు పటికతో సేంద్రియ పదార్థాన్ని బాగా దించి, ఆ తరువాత క్లోరిన్ కలపడమే సరియైన వరుస.

మరి ఆ సరస్సుల అసలు రంగు ఏది? మధ్య స్వీడన్ సరస్సుల అడుగు బురద పొరలను చదివిన పరిశోధకులు 2015లో ఆసక్తికరమైన సంగతి ప్రకటించారు. పదిహేను, పదహారు శతాబ్దాల నుండే అక్కడ నీటిలోని కర్బనం తగ్గుతూ వచ్చింది. అడవులలో పశువులను మేపడం, కొండలమీద వేసవి పాకలు వేసుకోవడం వలన అడవి పరుపు పలుచబడడమే కారణమని వారి అభిప్రాయం. అంటే ఆమ్ల వర్షానికి ముందే ఆ సరస్సులు మానవుని చేతిలో తేరుకొని ఉన్నాయి. మన తాతలు చూచిన తేట నీరు ప్రకృతి సహజమైనదని అనుకోవడానికి వీలులేదు. ఇరవయ్యవ శతాబ్దంలో మేపు ఆగిపోయి, స్ప్రూస్ అడవులు దట్టంగా పెరిగాయి, పరుపు మళ్ళీ మందమైంది. గంధకం తగ్గుదల ఇప్పటికే చాలావరకు పూర్తయింది కనుక, ఇకమీదట రంగు మారితే దానికి పెరుగుతున్న అడవినీ, వెచ్చబడుతున్న శీతాకాలాన్నీ, మారుతున్న వానలనూ ప్రశ్నించవలసి ఉంటుందని మేము భావిస్తున్నాము.

మనుషుల చేతిలో ఉన్నది మాత్రం ఒడ్డు పట్టీ. ఇరవయ్యవ శతాబ్దంలో కలప పెంచడానికి ఫిన్లాండు తన పీట్ నేలలలో సగానికి పైగా కాలువలు తవ్వి ఆరబెట్టింది. స్వీడన్ కూడ తన వంతు తవ్వింది. ఆరిన పీట్‌లోకి గాలి జొరబడి కర్బనం కుళ్ళుతుంది, కాలువ దానిని నేరుగా వాగుకు చేరుస్తుంది. ఉత్తర స్వీడన్‌లోనే ట్రోల్‌బెర్గెట్ అనే చోట కొన్ని పాత కాలువలను పూడ్చి నేలను తిరిగి తడిపారు, మరికొన్నిటిని పూడిక తీసి చూచారు, రెండిటి నీటినీ పక్కపక్కన కొలిచారు. చెట్లు నరికేటప్పుడు వాగు ఒడ్డున ఎన్ని మీటర్లు వదలాలన్న విషయంలో కలప వ్యాపారులకూ, నీటి పరిశోధకులకూ వాదన నడుస్తూనే ఉన్నది. నేల తడిగా ఉన్న చోట ఎక్కువ, పొడిగా ఉన్న చోట తక్కువ వదలాలని పరిశోధకులు అంటున్నారు. కొలతబద్ద పట్టుకొని అంతటా ఒకే వెడల్పు గీస్తే అధికారులకు తనిఖీ సులభం. ఆ మాట వరకు అర్థం చేసుకోదగినదే.